బొగ్గుబాయి కథ - పైనున్న నేల

బొగ్గుగనుల సాహిత్యాన్ని మన విమర్శ ఇప్పటిదాకా అడుగుతూ వచ్చిన ప్రశ్నలు ప్రధానంగా మూడు. ఈ కథ కార్మికుడి శ్రమను సరిగా చూపిందా? దోపిడీ స్వరూపాన్ని పట్టుకున్నదా? కార్మికులు సంఘటితమయ్యే క్రమాన్ని నమ్మదగినట్టుగా చిత్రించిందా? ఇవి సరైన ప్రశ్నలే. వీటిని వదులుకొమ్మని నేను అనడం లేదు. కాని నాలుగో ప్రశ్న ఒకటి మనం అడగలేదు. బాయి పైన వున్న నేల ఏమయింది? ఆ నేల మీద బతికిన మనిషి కథలో ఎక్కడ వున్నాడు? ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల మన గని సాహిత్యం ఒక చోట ఆగిపోయిందనీ, దానికి కారణం రచయితల ప్రతిభలో కాక మనందరి దృక్పథంలో వున్నదనీ ఈ వ్యాసంలో నా వాదన.

చర్చ గాలిలో సాగకుండా సింగరేణి ప్రాంతాన్నే తీసుకుంటాను. 1871లో ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిల్వలను గుర్తించారు. 1889లో తవ్వకం మొదలయింది. 1920లో కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. ఇల్లెందు, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి - గోదావరి లోయ పొడవునా బాయిల చుట్టూ కార్మికవాడలు లేచాయి. పల్లెలో దొర వెట్టినీ కరువునూ తప్పించుకోవడానికి వచ్చినవాళ్లు బాయిలో దిగి తట్టా చెమ్మస్ పట్టారు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ వంటి రచయితలు ఈ ప్రాంతపు జీవితాన్ని తెలుగు వచనంలోకి తెచ్చారు. వేతనాల కోతకు వ్యతిరేకంగా 1981లో సాగిన 56 రోజుల సమ్మె ఒక తరం రచయితలకు కార్మికవర్గ శక్తిని కళ్లారా చూపించింది. ఈ సాహిత్యం లేకుంటే మధ్యతరగతి పాఠకుడికి బొగ్గు అంటే రైలింజనులోని నల్లరాయే. అందులోని మనిషి తెలిసేవాడు కాదు. ఈ కృషిని తక్కువచేసే విమర్శ విమర్శే కాదు.

అయితే ఆ కథల్లోకి నేల ఎందుకు రాలేదు? దీనికి జవాబు ముందు ఉత్పత్తి పద్ధతిలోనే వెతకాలి. భూగర్భ గనిలో పని కిందికి పోతుంది. పైన పొలం వుంటుంది, పశువులు మేస్తుంటాయి, ఊరు వుంటుంది. కింద మనిషి దీపం పెట్టుకొని బొగ్గు తవ్వుతుంటాడు. ఈ ఏర్పాటు కథకు ఒక స్థలాన్ని తయారుచేసి ఇచ్చింది. కింద చీకటి, పని, పైకప్పు కూలే భయం, సర్దారు అజమాయిషీ. పైన వెలుతురు, ఇల్లు, పిల్లలు, యూనియన్ ఆఫీసు. కథ ఈ రెంటి మధ్య షిఫ్టు సైరను వెంట తిరిగింది. పైనున్న నేల అలాగే వుంటుందన్నది అందరి నమ్మకం. అందుకే అది కథకు వెనక తెరగానే మిగిలింది.

నిజానికి అప్పుడూ అది వెనక తెర కాదు. బొగ్గు తీసిన చోట ఏర్పడిన ఖాళీని పూడ్చకపోతే పైకప్పు నిలవదు. అందుకోసం గోదావరి ఇసుకను తెచ్చి, నీళ్లతో కలిపి గొట్టాల ద్వారా గనిలోకి పంపి నింపేవారు. అంటే కార్మికుడి నెత్తిమీది కప్పును నిలబెట్టిన వాటిలో నది ఇసుక కూడా వున్నది. కార్మికుడి ప్రాణానికీ నది గర్భానికీ ఇంత దగ్గరి సంబంధం వుండగా, నేను చదివినంతలో, మన కథల్లో ఇసుక ఒక పనిముట్టు పేరుగా వచ్చిపోయిందే తప్ప సంబంధంగా రాలేదు.

ఓపెన్‌కాస్టు వచ్చాక ఈ వెనక తెర చిరిగిపోయింది. సింగరేణిలో ఈ పద్ధతి 1975లో గోదావరిఖని ప్రాంతంలో మొదలయింది. ఇక్కడ మనిషి భూమిలోకి దిగడు, భూమినే ఎత్తివేస్తారు. మందుపాతరలతో పేల్చి, షావెళ్లతో తోడి, డంపర్లలో పోసి, పక్కన గుట్టలుగా వేస్తారు. ఒక టన్ను బొగ్గుకు అయిదారు ఘనమీటర్ల మట్టీ రాయీ కదలాలి. గుంత లోతుకు పోయినకొద్దీ చుట్టుపక్కల భూగర్భజలం అందులోకి ఊరుతుంది. దాన్ని తోడి బయటికి పోస్తుంటారు. పక్క ఊరి బావి ఎండుతుంది. పేలుళ్లకు ఇళ్ల గోడలు నెర్రెలిస్తాయి. గుంత జరిగినకొద్దీ ఊరు జరగాలి. ఒకనాడు ఊరే వుండదు.

ఇదే కాలంలో కార్మికుడికి ఏం జరిగిందో చూడండి. 1990ల మొదట్లో సింగరేణిలో సుమారు 1,16,000 మంది కార్మికులు వుండేవారు, ఉత్పత్తి ఏడాదికి 2 కోట్ల టన్నుల లోపు. 2023-24 నాటికి ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది, కార్మికులు 40 వేల ప్రాంతానికి తగ్గారు. ఉత్పత్తిలో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఓపెన్‌కాస్టు నుంచే వస్తున్నది. మట్టి తొలగించే పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్ల చేతికి పోయింది. రైతుకు భూమి పోయింది, కార్మికుడికి పని పోయింది. ఈ రెండూ వేర్వేరు ప్రమాదాలు కావు. ఒకే యంత్రం, ఒకే లెక్క, ఒకే నిర్ణయం చేసిన పనులివి. మన సాహిత్యం మాత్రం కార్మికుణ్ణి ఒక కథలోనూ, నిర్వాసితుణ్ణి ఇంకొక కథలోనూ పెట్టింది. వాళ్లిద్దరినీ ఒకచోట చూపే కథ ఇంకా అరుదుగానే వున్నది.

జనం మాత్రం మనకంటే ముందే వున్నారు. ఓపెన్‌కాస్టు గుంతను వాళ్లు బొందలగడ్డ అన్నారు. తెలంగాణ ఉద్యమకాలంలో ఈ మాట పాటల్లోకీ ఉపన్యాసాల్లోకీ విస్తారంగా వచ్చింది. బొంద అంటే శవాన్ని పెట్టే గుంత. తవ్వకం అనే సాంకేతిక పదం దాచిపెట్టిన విషయాన్ని ఆ ఒక్కమాట బయటపెట్టింది. అటు చట్టం భాష చూడండి. 1957లో కేంద్రం చేసిన భూసేకరణ చట్టం పేరులో ఊరు లేదు, పొలం లేదు. 'బొగ్గున్న ప్రాంతాలు' అని వున్నది. పైన ఏమున్నా సరే, కింద బొగ్గుంటే దాని పేరు అదే. చట్టం నేలను కింది నుంచి పైకి చూసింది, జనం పై నుంచి కిందికి చూశారు. రచయిత ఎటునుంచి చూడాలన్న ప్రశ్నకు జవాబు ఈ రెండు మాటల తేడాలో వున్నది.

ఇక్కడ ఒక సిద్ధాంత విషయం మాట్లాడక తప్పదు. శ్రమే సమస్త సంపదకూ మూలమని మన వేదికల మీద తరచుగా వినిపించే మాట. 1875లో జర్మన్ కార్మికపార్టీ ముసాయిదా కార్యక్రమంలో దాదాపు ఇదే వాక్యం కనిపించినప్పుడు మార్క్స్ మొట్టమొదట దాన్నే తప్పుపట్టాడు. ప్రకృతి కూడా శ్రమతో సమానంగా ఉపయోగ విలువలకు మూలమని గుర్తుచేశాడు. పెట్టుబడిదారీ వ్యవసాయం కార్మికుణ్ణి మాత్రమే కాక నేలను కూడా కొల్లగొడుతుందని 'పెట్టుబడి' మొదటి సంపుటంలోనే రాశాడు. ప్రకృతి మీద మనిషి సాధించిన ప్రతి విజయానికీ ప్రకృతి తిరిగి బదులు తీర్చుకుంటుందని ఎంగెల్స్ హెచ్చరించాడు. ఇవి మనకు కొత్తవి కావు. మన అధ్యయన తరగతుల్లో చదివినవే. కాని కథ రాసే దగ్గర, కథను తూచే దగ్గర, మొదటి సగం గుర్తుపెట్టుకొని రెండో సగం వదిలేశాం. శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ'లో గనీ అడవీ కార్ఖానా శ్రమస్థలాలుగా ఒకే వరుసలో నిలబడతాయి. ఆ కవిత వచ్చిన కాలానికి అది గొప్ప ముందడుగు. ఈనాడు వాటిలో ఒకటి ఇంకొకదాన్ని మింగుతున్నది. ఆ వరుసను అలాగే వల్లించడం శ్రీశ్రీని అనుసరించడం కాదు.

దృక్పథంలోని ఈ లోపం శిల్పంలో ఎలా కనిపిస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రపంచ గని సాహిత్యానికి పెద్దదిక్కు ఎమిలీ జోలా 1885లో వెలువరించిన 'జెర్మినాల్'. సమ్మె ఓడిపోతుంది, గని మునిగిపోతుంది, కథానాయకుడు ఊరు విడిచిపోతాడు. అయినా నవల నిరాశలో ముగియదు. వసంతకాలపు నేలలో విత్తనాలు మొలకెత్తుతున్నట్టే భూమి కింద కార్మికశక్తి మొలకెత్తుతున్నదన్న సూచనతో ముగుస్తుంది. ఆ ముగింపు ప్రపంచ ప్రగతిశీల సాహిత్యానికి ఒక వారసత్వం ఇచ్చింది. మన కవుల్లోనూ విప్లవం ఎన్నిసార్లు విత్తనమయిందో, ఎన్నిసార్లు భూమిని చీల్చుకొని వచ్చిందో లెక్కలేదు.

ఆ ప్రతీక నిలబడాలంటే కింద సాగునేల వుండాలి. ఓపెన్‌కాస్టు మట్టిగుట్టను దగ్గరగా చూసినవాళ్లకు తెలుసు. పైపొర మట్టిని విడిగా తీసి దాచకపోతే అది ముందు తవ్వబడి ముందు పోయబడుతుంది, అంటే అడుగున పడుతుంది. లోతులోని రాళ్లూ సుద్దా పైకి వస్తాయి. నేల తలకిందులవుతుంది. ఆ గుట్ట మీద విత్తనం ఊరికే మొలకెత్తదు. అక్కడ నిలబడి కవి పాత విత్తనపు ప్రతీకనే వాడితే అతను ఆ చోటును చూడలేదనే అర్థం. ప్రతీక పాతబడటం పెద్ద నేరం కాదు. కాని ప్రతీక నిజాన్ని కప్పివేస్తే అది నేరమే.

ఇటీవల ఈ వస్తువు మీద వస్తున్న కథల్లో, కవితల్లో నాకు మూడు ధోరణులు కనిపిస్తున్నాయి.

మొదటిది విలాపం. చెరువు పోయింది, చింతచెట్టు పోయింది, పిట్టలు పోయాయి. బాధ నిజమే, దాన్ని ఎగతాళి చేయను. కాని చాలా రచనల్లో ఊరు పోకముందు అక్కడ అంతా చల్లగా వున్నట్టు రాస్తున్నారు. ఆ చెరువు కింద భూమి ఎవరిది? చింతచెట్టు కింద కూర్చునే హక్కు ఎవరికుండేది? దొర గడీని మరిచిపోయి పల్లెను ఏడ్వడం చరిత్రను మరిచిపోవడమే. విలాపం ఎలా వుండాలో గోరటి వెంకన్న 'పల్లె కన్నీరు పెడుతుందో' పాట చూపించింది. 2002లో 'కుబుసం' సినిమా ద్వారా ఊరూరికీ చేరిన ఆ పాట పల్లెను బొమ్మగా చూడలేదు. ఒక్కొక్క చేతివృత్తి ఎలా కూలిందో వరుసగా లెక్కచెప్పింది. అందుకే అది వట్టి ఏడుపు కాలేదు, ఆరోపణ అయింది.

రెండో ధోరణి యంత్రాన్ని విలన్ చేయడం. రాక్షసి, భూతం, కోరలు - ఈ ఉపమానాలతో పాఠకుడికి కోపం వస్తుంది, కాని ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియదు. డంపరుకు నిర్ణయం చేసే శక్తి లేదు. దాన్ని నడిపే కాంట్రాక్టు డ్రైవరుకూ లేదు. భూగర్భ గని కంటే ఓపెన్‌కాస్టులో టన్ను బొగ్గుకు ఖర్చు తక్కువ అన్న లెక్క ఒకటి వున్నది. ఆ లెక్కలో ఎండిన బావికి ధర వేయలేదు, తగ్గిన ఉద్యోగాలకు ధర వేయలేదు, గుంత మిగిల్చే భావితరపు భారానికి ధర వేయలేదు. అలా వదిలేసిన ఖర్చునే లాభం అంటున్నారు. కథ పట్టుకోవలసిన విలన్ ఆ లెక్క.

మూడో ధోరణి మౌనం. ఇది మన సంస్థల్లోని వాళ్లకే ఎక్కువ. సింగరేణి ప్రభుత్వరంగ సంస్థ. రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా వున్నది. 2020 నుంచి కేంద్రం బొగ్గు బ్లాకులను ప్రైవేటు కంపెనీలు అమ్ముకోవడానికి వీలుగా వేలం వేస్తున్నది. ఇక్కడి నాలుగు బ్లాకుల వేలానికి వ్యతిరేకంగా 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె న్యాయమైనది. ఇలాంటి సమయంలో బొందలగడ్డ గురించి రాస్తే ప్రైవేటువాళ్లకు ఆయుధం ఇచ్చినట్టవుతుందని కొందరు మిత్రుల భయం. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను గాని అంగీకరించను.

ఎందుకంటే యాజమాన్యం మారినంత మాత్రాన నేలతో సంబంధం మారదని ఝరియా మనకు చూపించింది. అక్కడి బొగ్గుపొరల్లో మంటలు ప్రైవేటు యజమానుల కాలంలో, 1916లోనే మొదలయ్యాయి. 1970ల మొదట్లో గనులు జాతీయమయ్యాయి. మంటలు ఆగలేదు. 1975లో చాస్‌నాలా గనిలోకి నీళ్లు వచ్చిపడి మూడువందల డెబ్బై మందికి పైగా చనిపోయినప్పుడు కూడా ఆ గని ప్రభుత్వరంగంలోనే వున్నది. హిందీ రచయిత సంజీవ్ 1986 నాటి నవల 'సావ్‌ధాన్! నీచే ఆగ్ హై'లో ఈ ప్రాంతాన్నే వస్తువుగా తీసుకున్నాడు. ప్రభుత్వరంగం అనే మాట ఆయన కలాన్ని ఆపలేదు. ప్రభుత్వరంగాన్ని కాపాడుకోవాలంటే అది ఎవరికోసం వున్నదో అడిగే హక్కును ముందు కాపాడుకోవాలి. గని కింద ఊరు పోగొట్టుకున్నవాడికి అది 'మనది' అనిపించకపోతే, రేపు దాన్ని వేలం వేసిననాడు అతను ఎందుకు అడ్డుపడాలి? మన మౌనం ప్రభుత్వరంగానికి రక్షణ కాదు. దాని పునాదిని తొలిచే పనే అది.

ఇక ముందుదారి. బొగ్గు రేపే ఆగిపోదు. కాని ఎల్లకాలం వుండదు కూడా. పొర అయిపోయిన గనులు మూతపడుతున్నాయి, వాతావరణం వేడెక్కుతున్నది గనుక బొగ్గు వాడకం తగ్గించక తప్పని రోజు వస్తున్నది. అప్పుడు కార్మికవాడలేమవుతాయి? బ్రిటన్‌లో 1984-85 సమ్మె ఓడాక గనులను చకచకా మూశారు. ఊళ్లకు ఊళ్లు పని లేక చితికిపోయాయి. జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఇంకోదారి పట్టారు. దశాబ్దాలపాటు బేరమాడి, ముందుగానే గడువు పెట్టుకొని, కార్మికులను వీధిన పడేయకుండా తగ్గించుకుంటూ 2018 డిసెంబరులో చివరి గట్టిబొగ్గు గనిని మూశారు. అది స్వర్గమేమీ కాదు. తవ్వకం వల్ల నేల కుంగిన అక్కడ నీళ్లను ఇప్పటికీ తోడుతూనే వుండాలి, ఎన్నటికీ తోడుతూనే వుండాలి. అందుకు విడిగా నిధి పెట్టుకున్నారు. గని మూతపడినా గని అప్పు తీరదన్నది ఇందులో పాఠం. ఆ అప్పు ఎవరు కట్టాలో ముందే తేల్చుకున్నారన్నది రెండో పాఠం.

మనదగ్గర 2009 నుంచి ప్రతి బొగ్గుగనికీ మూసివేత ప్రణాళిక వుండాలనీ, దానికోసం సొమ్ము విడిగా జమచేయాలనీ కేంద్రం మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైపొర మట్టిని విడిగా దాచడం, తవ్వుతూనే వెనక పూడ్చుకుంటూ రావడం, మిగిలిన గుంతలోని నీటిని ఊళ్లకు ఇవ్వడం - ఇవన్నీ సాధ్యమైన పనులే. రామగుండంలో 2022 నుంచి ఎన్‌టీపీసీ జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం పనిచేస్తున్నది. మంచిదే. కాని సౌరఫలకాలు పొగ రాకుండా కరెంటు ఇచ్చినంత మాత్రాన పని పోయిన కార్మికుడికి పని దొరకదు, భూమి పోయిన రైతుకు భూమి రాదు. దారి పచ్చగా వుందా లేదా అన్న ప్రశ్నతోపాటు ఆ దారి ఎవరు వేశారు, ఎవరి మీదుగా వేశారు అని కూడా అడగాలి. పరిష్కారం రాసే పని రచయితది కాదని కొందరంటారు. నిజమే. కాని ఆ ప్రశ్న అడగగల మనుషులను సృష్టించే పని రచయితదే.

అటువంటి కథకు ముడిసరుకు కోసం దూరం పోనక్కరలేదు. ఒకే ఇంటిని ఊహించండి. తండ్రి భూగర్భ గనిలో దిగిపోయి రిటైరైన కార్మికుడు. కొడుకు మట్టి కాంట్రాక్టరు దగ్గర డంపరు డ్రైవరు. ఆ డంపరు ఎత్తిపోస్తున్నది మేనమామ పొలం. కోడలికి బోరు ఎండి నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూపు. ఈ నలుగురి ప్రయోజనాలూ ఒకటి కావు, శత్రువులూ కారు. రాత్రి ఒకే గుడిసెలో అన్నం తినాలి. అక్కడ జరిగే సంభాషణలో వున్న వైరుధ్యం మన పాత కథలోని మేనేజరు - కార్మికుడి సంభాషణలో లేదు. దీన్ని రాయాలంటే ఒక్క నాయకుడి చుట్టూ, ఒక్క సమ్మె చుట్టూ తిరిగే నిర్మాణం చాలదు. కాలం కూడా మారాలి. సమ్మె 56 రోజుల్లో ముగిసింది. బావి ఎండటానికి పదేళ్లు పడుతుంది. నెమ్మదిగా జరిగే హింసను చెప్పగల కథనం మనం ఇంకా నేర్చుకోవాలి.

నేర్చుకోవడానికి మన దగ్గరే ఉదాహరణ వున్నది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 2019 నవల 'కొండపొలం'లో కరువుకు గొర్రెలను నల్లమలకు తోలుకుపోయే కాపరులు కనిపిస్తారు. అక్కడి అడవి సౌందర్యవర్ణన కోసం రాలేదు. గొర్రె ఏం మేస్తుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, పులి ఎటు వస్తుంది అన్న పనితెలివి నుంచి వచ్చింది. ప్రకృతిని శ్రమ ద్వారా తెలుసుకున్న మనిషి కళ్లతో చూడటమంటే అదే. గని ప్రాంతపు రైతుకూ, పశుల కాపరికీ, బాయి పైకప్పును తట్టి దాని శబ్దాన్నిబట్టి ప్రమాదాన్ని పసిగట్టిన కార్మికుడికీ అలాంటి తెలివే వున్నది. వాళ్ల తెలివిని పక్కపక్కన పెట్టి చూస్తే శ్రమ, ప్రకృతి అనే రెండు వేర్వేరు వస్తువులు మనకుండవు.

చివరగా యువ రచయితలకూ విద్యార్థులకూ ఒక సూచన. 2006 నుంచి అమల్లో వున్న నిబంధనల ప్రకారం పెద్ద గనులకు అనుమతి ఇచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరగాలి. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో వుంటుంది, తెలుగులో దొరికేది సంక్షిప్త పత్రం. ఆ సభలకు వెళ్లండి. ముందుగా ఆ నివేదికను చదివి, అందులో ఏమున్నదో ఊరివాళ్లకు వాళ్ల భాషలో చెప్పండి. తరవాత వెనక వరుసలో కూర్చొని వినండి. ఉద్యోగం కావాలనే నిరుద్యోగి, భూమి ఇవ్వననే ముసలామె, ఎటూ చెప్పలేని యూనియన్ నాయకుడు, మాట్లాడటానికి మూడు నిమిషాలే ఇచ్చిన అధికారి - అందరూ ఒకే షామియానా కింద వుంటారు. మనం ఇన్నాళ్లూ వేర్వేరు కథల్లో పెట్టిన మనుషులు అక్కడ ఒకరి మాట ఒకరు వింటుంటారు. వాళ్లను అదే షామియానా కింద నిలబెట్టిన కథ వచ్చిననాడు మన విమర్శ కూడా తన నాలుగో ప్రశ్నతో సిద్ధంగా వుండాలి.